లక్ష్ముడి వాటా

అన్నం డేగిసా తోమి, నోరు పైకి ఉండేట్టు గట్టు మీద నిలబెట్టింది కనకదుర్గ. ఆ ఇంట్లో గిన్నెలన్నీ బోర్లిస్తారు, ఈ ఒక్కటి తప్ప. నిలబెట్టిన డేగిసా అడుగున తడి ఆరదు. తెల్లారేసరికి సన్నటి తెల్లపొర కడుతుంది. పొద్దున లేచి దాన్ని మళ్ళీ బూడిదతో రుద్దుకోవాలి.

పెళ్ళయి బాంబూఫ్లాట్ వచ్చిన కొత్తలో ఆమెకి ఈ సంగతి తెలీదు. అవతలి ఒడ్డున పోర్ట్‌బ్లెయిర్ డాలీగంజ్‌లో నాన్నది కిరాణా కొట్టు. ఆ ఇంట్లో సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు లేరు గనక గిన్నెలకు నియమాలూ లేవు. ఒకరోజు డేగిసా తోమి ఎండలో బోర్లించింది. అత్త అచ్చమ్మ పెరట్లోంచి చూసి, చేతిలోని వల అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చింది.

"ఒలే గుంటా! ఆడు నీటి మీదున్నాడే! అన్నం గిన్నె బోర్లిస్తే పడవ బోర్లించినట్టు గాదా?"

ఆ సాయంత్రం లక్ష్ముడు చేపల గంపతో ఇంటికొచ్చాడు. తల్లి చెప్పిందంతా విని పడీపడీ నవ్వాడు. "పొద్దున్న పడవ ఓ పాలి కుదిపేసింది. గాలనుకున్నాను. నువ్వా?" అన్నాడు పెళ్ళాంతో. నవ్వేటప్పుడు అతని ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయేది. ఆమె కూడా నవ్వింది. అప్పట్నుంచి మాత్రం ఎప్పుడూ డేగిసా బోర్లించలేదు. నమ్మి కాదు. చెయ్యి ఒకసారి భయపడితే మనసుతో పనిలేకుండా అది తన జాగ్రత్త తాను చూసుకుంటుంది.

సునామీ అల వచ్చిన ఆదివారం పొద్దున కూడా డేగిసా నిలబడే ఉంది. లక్ష్ముడు ముందురోజే లిటిల్ అండమాన్ వైపు వేటకు వెళ్ళాడు. ఇల్లు ఊగినప్పుడు అలమరలోని గిన్నెలన్నీ కింద పడ్డాయి. గట్టు మీది డేగిసా పడలేదు. తర్వాత నీళ్ళు వచ్చాయి. అత్తాకోడళ్ళు గుట్ట మీదికి పరుగెత్తినప్పుడు అచ్చమ్మ చంకలో ఉన్నది ఆ డేగిసా ఒక్కటే.

లక్ష్ముడు దొరకలేదు. అతనితో వెళ్ళినవాళ్ళూ, పడవా కూడా దొరకలేదు. పడవది ఒక్క చెక్కయినా ఎక్కడా ఒడ్డుకు కొట్టుకు రాలేదు. దాంతో అచ్చమ్మ లెక్క తేలిపోయింది. గిన్నె బోర్లలేదు, కాబట్టి పడవ బోర్లలేదు. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో దుర్గకి తెలుసు. కానీ ఆ తప్పు మాటలతో చూపించేది కాదు. డేగిసా బోర్లించి చూపించాలి. ఆ పని ఆమె వల్ల కాలేదు.

ఇప్పుడు ఏడాది కావస్తోంది. భూకంపానికి నేల కుంగింది. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు నీళ్ళు సందులోకి వచ్చి గడప దాకా నిలబడతాయి. ఒకప్పటి వరిపొలాల్లో ఉప్పునీళ్ళు, వాటి మధ్య మొవ్వు రాలిపోయిన కొబ్బరిచెట్లు. మనుషులు వాటిని చూడటం మానేశారు. ఫెర్రీ వేళలే మళ్ళీ ముఖ్యమైపోయాయి.

దుర్గ పొద్దున్నే లేచి వంట మొదలుపెడుతుంది. అవతలి ఒడ్డున చాథమ్‌లో, బీటలు తీసిన జెట్టీ బాగుచేయడానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీలు ఉన్నారు. వాళ్ళకి మధ్యాహ్నం భోజనం ఆమె తీసుకెళ్తుంది. రెండు పెద్ద క్యారియర్లూ, అన్నం మూటకట్టిన బేసినూ ఫెర్రీ ఎక్కించి, ఇంజను గది పక్కన వేడి తగిలేచోట పెట్టుకుని కూర్చుంటుంది. అక్కడైతే అన్నం చల్లారదు. ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా ఆమె ఒంటరిగా ఏ నీళ్ళూ దాటలేదు. ఇప్పుడు రోజూ దాటుతోంది. దాటుతున్నంతసేపూ నీళ్ళవైపు చూడదు, క్యారియర్ మూతల వైపు చూస్తుంది.

"దీదీ, మీ అత్తమ్మ నిన్న తిన్నారా?" అని అడిగింది చాందిని. ఇంట్లో హిందీ మాట్లాడే పిల్ల. బాంబూఫ్లాట్‌లో పిన్ని దగ్గరుంటూ పోర్ట్‌బ్లెయిర్‌లో బట్టల కొట్టుకి వెళ్తుంది. రోజూ అదే ఫెర్రీ, రోజూ అదే ప్రశ్న.

"నాలుగు మెతుకులు."

"బస్, అంతేనా? డాక్టర్ ఏమన్నాడు?"

"జబ్బేం లేదన్నాడు. తినాలన్నాడు. ఇలాగే ఉంటే ఎక్కువ రోజులుండదన్నాడు."

"అరే, నువ్వు డాలీగంజ్ వెళ్ళిపో నా. పాపాజీ పిలుస్తున్నారు కదా. ఇక్కడ క్యా హై నీకు?"

దుర్గ క్యారియర్ మూత సరిచేసింది. ఆ ప్రశ్న ఆమె కూడా తనని తాను అడిగి చూసుకుంది. లక్ష్ముడు నవ్వితే ఏ కన్ను మూసుకుంటుందో తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరున్నారు. అచ్చమ్మ పోతే ఒక్కరే మిగులుతారు. ఒక్కరికే తెలిసిన విషయం నిజంగా జరిగిందో, తను కల్పించుకుందో చెప్పేవాళ్ళుండరు. దీనికి ప్రేమ అని పేరు పెట్టడానికి ఆమెకి సిగ్గేసింది. స్వార్థం అనుకుంటే కొంత తేలిగ్గా ఉంది. ఏదైతేనేం, అత్త బతకాలి.

జెట్టీ దగ్గర మేస్త్రీ పోలిరాజు క్యారియర్ మూత తీసి తొంగిచూశాడు. "అప్పా, ఈ సాంబారులో ములక్కాడ ఈదుతున్నాదా, ములిగిపోనాదా?"

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. కూలీలు తలలు దించుకుని తినడం మొదలుపెట్టారు. దుర్గే నవ్వింది. "ఈదుతోంది. గరిటె పట్టుకుని దూకు" అంది.

అందరూ పెద్దగా నవ్వారు. ఉప్పు సరిపోయిందన్నారు. ఆమె వంటలో ఉప్పు ఎప్పుడూ సరిపోతుంది. దించేముందు ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూడకుండా ఆమె ఏ గిన్నే దించదు.

అచ్చమ్మ తిండి మానేసిందని అనడానికి లేదు. వేటకెళ్ళినవాడి ఇంట్లో ఒక పద్ధతి ఉంది. రాత్రి వండినదాంట్లోంచి వాడి వాటా తీసి మూతపెట్టి ఉంచాలి. ఏ వేళకి ఒడ్డెక్కినా వాడి కూడు వాడికి సిద్ధంగా ఉండాలి. తెల్లారేదాకా రాకపోతే, ఆ వాటా పారేయకుండా తల్లి తినాలి. అల తర్వాత అచ్చమ్మ ఆ వాటా తప్ప ఇంకేమీ ముట్టడం లేదు. "ఆడు తినకుండా నాకెలా దిగుద్ది?" అంటుంది. మొదట్లో ఆ మిగిలిందే ఒక మనిషికి సరిపోయేది. పోనుపోనూ నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని మిగతాది కాకులకి పెట్టేస్తోంది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

అత్తని బతికించడానికి దుర్గకి కనిపించిన దారి ఒక్కటే. లక్ష్ముడికి బాగా వండటం.

అతని వాటా పెంచింది. కూలీల వంటలో పడని శ్రద్ధ ఆ ఒక్క గిన్నె మీద పెట్టింది. నెయ్యి వేసింది. గుడ్డు వేయించి అన్నం కింద దాచింది. ఆనపకాయ పాలు పోసి వండింది. అతను ఇంట్లో ఉన్నప్పుడు ఇంత ఓపికగా ఎన్నడూ వండలేదు. వడ్డించి మూత పెడుతూ, అత్తకి వినబడేట్టు "ఈ రోజు గాలి లేదు, తొందరగా వచ్చేస్తాడు" అనేది. "పండుగప్ప పడితే ఆలస్యమౌతుందిలే" అనేది. అచ్చమ్మ అవునన్నట్టు తలూపేది. పొద్దున మామూలుకన్నా రెండు ముద్దలు ఎక్కువ తినేది.

అబద్ధాన్ని రోజూ ఒకే వేళకి, ఒకే గొంతుతో చెబుతూ ఉంటే అది చెప్పేవాళ్ళని కూడా నెమ్మదిగా తనలోకి లాక్కుంటుంది. మూత పెట్టి వెనక్కి తిరిగాక సందులో నీళ్ళ చప్పుడైతే దుర్గ ఒక్క క్షణం ఆగేది. నటిస్తున్నాను కదా అని తనకి తాను గుర్తుచేసుకునేది. నటన ఎక్కడ ఆగిందో, ఎదురుచూడటం ఎక్కడ మొదలైందో వెతికి చూస్తే ఆ గీత దొరికేది కాదు.

వానలు వెనకబట్టాక ఆ రెండు ముద్దలూ తగ్గిపోయాయి. ఒక సాయంత్రం అచ్చమ్మ కొడుకు గిన్నె మూత తీసింది.

"ఏటే ఇది?"

"పప్పు, అత్తా."

"నిన్న?"

"ఆనపకాయ."

"నా కొడుకేటి, మీ నాన్న కొట్లో గుమస్తాయా, రోజూ పప్పు తినీసి తొంగోడానికి? సేప లేకుండా ఆడు ముద్ద మింగడు. అందుకే రావట్లేదు ఆడు."

దుర్గ గరిటె పక్కన పెట్టింది. ఆ ఇంట్లోకి చేప వచ్చి ఏడాది కావస్తోంది. అల వచ్చిన తర్వాత ద్వీపాల్లో చాలామంది చేప ముట్టలేదు. సముద్రంలో అంతమంది పోయారు, చేపలు ఏం తిని బలిశాయో అనుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఈ సందులో కూడా ఇగురు వాసనలు వస్తున్నాయి. మొన్న వేసవిలో పక్కింటివాళ్ళు నాలుగు కవళ్ళ చేపలు తెచ్చిస్తే అచ్చమ్మ వాటిని వీధిలోకి విసిరేసింది. "నా కొడుకుని తిన్నదాన్ని నా పొయ్యెక్కిస్తారా?" అని అరిచింది.

కొడుకు వస్తాడు. కొడుకుని చేపలు తిన్నాయి. ఆ రెండు నమ్మకాలూ ఆ ముసలి శరీరంలో, ఒకే ఇంట్లో మాట్లాడుకోకుండా తిరిగే ఇద్దరు మనుషుల్లా ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఒకే గిన్నె దగ్గర కూర్చోబెట్టమంటోంది.

"తేనా, అత్తా?"

అచ్చమ్మ గోడవైపు తిరిగింది. "ఆడికి తే. నాకు కాదు."

తెల్లారాక ఆ వాటా ఎవరిదౌతుందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అనలేదు.

మర్నాడు ఖాళీ క్యారియర్లతో దుర్గ తిన్నగా ఫెర్రీకి వెళ్ళలేదు. బస్సెక్కి జంగ్లీఘాట్ వెళ్ళింది. పడవలు దిగేచోట చేపలమ్మే అమ్మడు ఆమెని చూసి కత్తి ఆపింది. అమ్మడు అచ్చమ్మకి దూరపు చుట్టం.

"ఏటే డాలీగంజ్ పిల్లా, దారి తప్పావా? మీ అత్త సేపంటే తన్నేస్తదంట గదా!"

"అత్తే తెమ్మంది. కానాగంతలున్నాయా?"

అమ్మడి మొహంలో ఎగతాళి పోయింది. గంపలోంచి మంచివి ఏరి, మొప్పలు ఎత్తి చూపించింది. "ఇయి కొత్త సేపలే. ఆ నీటియి కాదు. నువ్వు బెంగెట్టుకోకు" అంది. కాసేపు ఆగి, "నానూ నాలుగు నెలలు తిన్లేదు. అమ్మేదాన్ని, తినీదాన్ని కాదు. ఏం సేత్తాం, ఆకలికి గ్యానం ఉండదు" అంది. పొట్టలు కోసి శుభ్రం చేసి ఇవ్వనా అని అడిగింది. దుర్గ వద్దంది. ఎందుకు వద్దందో ఆమెకే తెలీలేదు.

ఇంటికొచ్చి పెరట్లో కత్తిపీట ముందు కూర్చున్నాక తెలిసింది. లోపల ఏముందో తను చూడాలి. మొదటి చేప పొట్ట కోసినప్పుడు ఊపిరి బిగబట్టింది. పేగులు, నల్లటి పొర, చిన్న రొయ్య ఒకటి సగం అరిగి. అంతే. రెండోదాంట్లోనూ అంతే. అంతే ఉన్నందుకు తేలిగ్గా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు వెనకే, అంతకన్నా లోతు నుంచి, ఏదో దొరకలేదన్న నిరాశ పైకి వచ్చింది. ఏం దొరకాలని చూసింది? ఆ ఆలోచనని అక్కడే ఆపి, చేపల్ని ఉప్పూ పసుపూ వేసి రుద్దింది.

పులుసు అచ్చమ్మ నేర్పిన పద్ధతిలోనే పెట్టింది. ఉల్లిపాయలు దంచి వేయించి, చింతపండు పులుసు చిక్కగా పోసి, పచ్చిమిరపకాయలు చీల్చి పడేసి, చివర్లో ముక్కలు వేసి గరిటె పెట్టకుండా గిన్నెని గుడ్డతో పట్టుకుని తిప్పింది. ఇల్లంతా ఆ వాసన నిండింది. దుర్గ నోట్లో నీళ్ళూరాయి. ఇన్ని నెలలుగా అణిచిపెట్టిన ఆకలి ఒక్కసారిగా లేచి నిలబడింది. ఒంటికి సిగ్గులేదని అనుకుంది. కళ్ళు మండాయి, ఉల్లిపాయలకో దేనికో.

దించేముందు అలవాటుగా ఒక చుక్క అరచేతిలో వేసుకుంది. ఎర్రటి చుక్క అరచేతి గీతల్లోకి పాకింది. నోటిదాకా తీసుకెళ్ళింది. నాలుక కదల్లేదు. ఎంతసేపు చూసిందో ఏమో, చివరికి చెయ్యి చీరకి తుడిచేసుకుంది. ఉప్పు వేశానా అనుకుంది. వేసినట్టు గుర్తుంది. వెయ్యనట్టూ గుర్తుంది. ఇంకో చారెడు వేసి దించేసింది.

చేపలన్నీ లక్ష్ముడి గిన్నెలోకే వెళ్ళాయి. పక్కన అన్నం. మూత పెడుతూ రోజూ చెప్పే మాట చెప్పబోయింది. మూల కూర్చున్న అచ్చమ్మ, గిన్నెవైపు చూడకుండా, తనే అంది: "ఇయ్యేళ గాలి లేదు."

దుర్గ చారన్నం తిని పడుకుంది. నిద్ర పట్టదనుకుంది. పట్టేసింది.

లేచేసరికి బాగా తెల్లారిపోయింది. పౌర్ణమి పోటు. సందులో నీళ్ళు గడపని తాకుతున్నాయి. పొయ్యి పక్కన లక్ష్ముడి గిన్నె మూత తీసి ఉంది. అన్నం మెతుకు లేదు. చేప ముక్క లేదు. పళ్ళెంలో ముళ్ళన్నీ ఒకచోట కుప్పగా, ఒక్కొక్కటీ చీకి తెల్లగా చేసి ఉన్నాయి. తలలు కూడా నమిలేసి ఉన్నాయి.

దుర్గ ఆ ముళ్ళని వేలితో తాకి చూసింది. అప్పుడు గట్టువైపు చూసింది. డేగిసా బోర్లించి ఉంది.

అచ్చమ్మ గడప మీద కూర్చుని ఉంది. పాదాలు పోటునీళ్ళలో పెట్టుకుని, ఎటో చూస్తోంది.

"అత్తా, ఆడొచ్చాడా?"

ఆ గొంతు తనదేనని గుర్తుపట్టడానికి దుర్గకి కొంతసేపు పట్టింది. అత్తని మరిపించడానికి అడిగింది కాదు అది. నిజంగా అడిగింది. ఇన్ని నెలలు ఆ ఇంట్లో పిచ్చిలో ఉన్నది ఎవరో ఆ ఒక్క మాటతో బయటపడింది.

అచ్చమ్మ తల తిప్పి కోడలివైపు చూసింది. ఆ చూపులో మందలింపు లేదు. తప్పిపోయిన పసిదాన్ని చూసినట్టు చూసింది.

"ఆడెక్కడొస్తాడే, యెర్రిదానా. నానే తిన్నాను."

దుర్గ పళ్ళెంలోని ముళ్ళవైపు చూసింది.

"తెల్లారగట్ట మూత తీశాను. వాసన కొట్టింది. ఇదే గదా నా బిడ్డని తిన్నాది అనుకున్నాను. తింటే తిన్నాది." ముసలామె చీర కొంగుతో మూతి తుడుచుకుంది. "నా కడుపులోంచి ఎల్లినోడు. నా కడుపులోకే వొచ్చీసినాడు. ఇంకా గిన్నె నిలబెట్టి ఏం సేత్తాం? నానే తోమి బోర్లించాను."

ఎక్కడో ఫెర్రీ కూత వినబడింది. పొద్దుటి వంట మొదలవలేదు. జెట్టీ దగ్గర కూలీలు ఈరోజు ఆకలితో ఉంటారు. ఆ సంగతి ఎవరో పక్కింటివాళ్ళ సంగతిలా తోచింది.

"ఆకలేత్తందే. అన్నం వొండు" అంది అచ్చమ్మ. "వేడిగా తింటాను."

దుర్గ ఏడాదిగా కోరుకున్నది అదే. అత్త అన్నం అడిగింది, బతుకుతుంది. సంతోషం కోసం తనలో వెతుక్కుంది. దాని చోట ఇంకేదో ఉంది. తల్లికి కడుపు ఉంది. పోయినవాణ్ణి వెనక్కి తీసుకోవడానికి ఆమెకో చోటుంది, దారుంది. పెళ్ళానికి అలాంటి చోటేదీ లేదు. రెండేళ్ళు పక్కన పడుకున్న మనిషిని ఎక్కడ దాచుకోవాలో ఎవరూ ఆమెకి నేర్పలేదు. అత్త ఒక్క ముక్క కూడా మిగల్చలేదు. ఇంత నీచంగా, ఇంత స్పష్టంగా ఎవరి మీదా ఆమె ఎప్పుడూ అసూయపడలేదు.

వంగి లక్ష్ముడి గిన్నె తీసింది. అచ్చమ్మ నీళ్ళవైపు తిరిగి ఉంది. గిన్నె అంచున పులుసు ఎండి సన్నటి ఎర్రటి గీతలా అంటుకుని ఉంది. దుర్గ దాన్ని గోటితో గీరి నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు. గొంతు పట్టేసే ఉప్పు. రెండుసార్లు వేసేసింది. మనిషి తినగలిగేది కాదు. అత్త ఆ మాట అనలేదు.

గిన్నె పక్కన పెట్టి, గట్టు దగ్గరికి వెళ్ళి డేగిసా ఎత్తింది. లోపల చెయ్యి పెట్టి తడిమింది. అడుగు పూర్తిగా ఆరి ఉంది. తెల్లపొర లేదు. తోమాల్సిన అవసరం లేదు.

బూడిద తీసుకుని తోమడం మొదలుపెట్టింది.